ఫోన్ పట్టుకున్న స్త్రీ - మన కథకుల దృక్పథం

ఈ మధ్య మా ఉపాధ్యాయ మిత్రులు కొందరు జరిపిన ఒక కథల పోటీకి వచ్చిన కథలను చదివి నిర్ణయించే పని నా మీద పడింది. పెద్ద పోటీ ఏమీ కాదు. రాసినవారిలో ఎక్కువమంది మన బొగ్గుగని ప్రాంతపు యువతీయువకులు, నాలాంటి టీచర్లు, ఇద్దరు ముగ్గురు రిటైరైన గని కార్మికులు. చాలా కథలకు వస్తువు సెల్‌ఫోన్. సామాజిక మాధ్యమాల వల్ల సంసారాలు ఎలా పాడవుతున్నాయో, ఆరోగ్యాలు ఎలా చెడిపోతున్నాయో చెప్పాలన్న తపన ఆ కథల్లో కనిపించింది. అయితే ఒకటి రెండు మినహా, అన్ని కథల్లోనూ ఫోన్ పట్టుకుని చెడిపోయేది స్త్రీయే. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

మూడు కథలను మాత్రం ఉదాహరిస్తాను. పేర్లు చెప్పను. ఎందుకంటే ఇది ముగ్గురు రచయితల లోపం కాదు, ఒక ధోరణి.

మొదటి కథలో తల్లి రీల్స్ చూస్తూ పరధ్యానంలో ఉంటుంది. పసివాడు నీళ్ళ సంపులో పడిపోతాడు. రెండో కథలో ఇంటర్మీడియట్ చదివే అమ్మాయి ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైనవాణ్ణి నమ్మి ఫొటోలు పంపుతుంది. వాడు వాటితో బెదిరిస్తాడు. ఆరో పేజీలో అమ్మాయి ప్రాణం తీసుకుంటుంది. ఫోన్ కొనిచ్చినందుకు తండ్రి తల బాదుకుంటాడు. మూడో కథలో కోడలు రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూస్తుంది, పొద్దున్నే లేవదు, ఎప్పుడూ తలనొప్పి అంటుంది, అందరి మీదా విసుక్కుంటుంది. చివరికి భర్త ఆ ఫోన్‌ను నేలకేసి కొడతాడు. సంసారం చక్కబడుతుంది.

ఈ రచయితలు ఎవరూ స్త్రీలకు శత్రువులు కారు. మూడింటిలో ఒక కథ స్త్రీ రాసిందే. అయినా మూడు కథల్లోనూ స్త్రీ ముద్దాయి, ఫోన్ సాక్ష్యం, కథకుడు న్యాయమూర్తి. ముద్దాయి వాదన ఏమిటో వినకుండానే తీర్పు రాసేశారు. ప్రగతిశీల సాహిత్యంలోకి ఈ తీర్పు ఇంత సులభంగా ఎలా ప్రవేశించింది? మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

హాని లేదని నేను వాదించడం లేదు. హాని ఉన్నదనడానికి ఆధారాలు ఆ కంపెనీల గదుల్లోంచే వచ్చాయి. 2021 సెప్టెంబరులో ఫేస్‌బుక్ కంపెనీ లోపలి పత్రాలు పత్రికల కెక్కాయి. తమ శరీరం గురించి దిగులు కలిగినప్పుడు ఇన్‌స్టాగ్రామ్ ఆ దిగులును ఇంకా పెంచిందని 32 శాతం టీనేజి ఆడపిల్లలు చెప్పినట్టు ఆ కంపెనీ చేయించుకున్న పరిశోధనే తేల్చింది. ఆ పత్రాలను బయటపెట్టిన ఫ్రాన్సిస్ హౌగెన్ అదే కంపెనీలో పనిచేసిన స్త్రీ. 2023 మే నెలలో అమెరికా సర్జన్ జనరల్ ఈ మాధ్యమాల వల్ల పిల్లలకు మేలూ ఉన్నదనీ కీడూ ఉన్నదనీ, అవి వాళ్ళకు తగినంత సురక్షితమని చెప్పడానికి ఆధారాలు చాలవనీ హెచ్చరించాడు. 2025 డిసెంబరు 10 నుంచి ఆస్ట్రేలియా పదహారేళ్ళ లోపు పిల్లలకు ఖాతాలు ఉండరాదన్న చట్టాన్ని అమలులోకి తెచ్చింది. కనుక హాని ఉన్నదా లేదా అన్నది ఇక్కడ చర్చ కాదు. ఆ హాని ఎక్కడ పుడుతున్నది, ఎవరి లాభానికి పుడుతున్నది, మన కథ దాన్ని ఎక్కడ వెతుకుతున్నది అన్నదే చర్చ.

మన నేల మీది లెక్కలు కూడా చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 33.3 శాతం, పురుషులు 57.1 శాతం. తెలంగాణలో అలాంటి స్త్రీలు 26.5 శాతం. అదే సర్వేలో, మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు 57.6 శాతం. అంటే ఆనాటికి ఇంటర్నెట్ ముట్టుకున్న ఆడవాళ్ళకన్నా ఒంట్లో రక్తం చాలని ఆడవాళ్ళు రెట్టింపు పైచిలుకు. ఆ తర్వాత, ముఖ్యంగా కరోనా కాలంలో బడి పాఠాలే ఫోన్‌లోకి వచ్చాక, ఫోన్ ఇంటింటికీ చేరింది. కానీ ఆ 57.6 శాతాన్ని ఫోన్ తెచ్చిపెట్టలేదు. తలనొప్పి, నీరసం, విసుగు అని కథలో రాసిన ప్రతిదానికీ ఫోన్‌నే కారణంగా చూపే రచయిత, ఆమె పళ్ళెంలో ఏముందో ఒక్కసారి కూడా చూడలేదు.

స్త్రీలు ఏదైనా చదివినా, చూసినా దాన్ని జబ్బుగా భావించే అలవాటు మనకు ఫోన్‌తో రాలేదు. దీనికి ఒక చరిత్ర ఉన్నది. సాహిత్య విద్యార్థులు దాన్ని గుర్తుంచుకోవాలి.

1928లో మద్రాసు నుంచి వెలువడిన 'గృహలక్ష్మి' స్త్రీల పత్రికల్లో ప్రసిద్ధమైనది. దాన్ని స్థాపించిన డాక్టర్ కె.ఎన్. కేసరి ఆయుర్వేద వైద్యుడు. స్త్రీల రుగ్మతలకు ఆయన తయారుచేసిన 'లోధ్ర' మందు పేరు తెలియని తెలుగు ఇల్లు ఆ కాలంలో తక్కువ. అంటే స్త్రీల చదువు, స్త్రీల ఆరోగ్యం, స్త్రీలకు అమ్మే సరుకు - ఈ మూడూ ఒకే గడపలోంచి నడవడం కొత్త సంగతి కాదు. అయితే అక్కడ ప్రకటన ప్రకటనలాగే కనిపించేది, కథ కథలాగే కనిపించేది. తర్వాతి కాలంలో ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ దశాబ్దాల తరబడి నిర్వహించిన 'ప్రమదావనం' శీర్షికకు స్త్రీలు ఉత్తరాలు రాసి సందేహాలు అడిగేవారు. ఇంట్లో అడగలేనిది పత్రికను అడిగారు. 1960ల నుంచి యద్దనపూడి సులోచనారాణి నవలలు వచ్చాయి. 'సెక్రటరీ' చదవని మధ్యతరగతి యువతి లేదన్నంతగా పేరు వచ్చింది. 1995 తర్వాత తెలుగు ప్రైవేటు ఛానెళ్ళు, వాటి వెంట సీరియళ్ళు వచ్చాయి. ప్రతి దశలోనూ మన విమర్శకులు ఒకే మాట వాడారు: మత్తు.

నేనూ వాడాను. ఎం.ఏ. తెలుగు చదివే రోజుల్లో ఒక సెమినార్‌లో, వారపత్రికల నవలలు శ్రామిక స్త్రీకి మత్తుమందు అని నిరూపిస్తూ పత్రం చదివి చప్పట్లు కొట్టించుకున్నాను. సెలవులకు ఇంటికి వచ్చి దాన్ని అమ్మకు వినిపించాను. మా నాయన కోల్‌ఫిల్లర్. ఆయన సెకండ్ షిఫ్టుకు పోయిన రాత్రులు అన్నం గిన్నె పొయ్యి మీద వెచ్చగా ఉంచి, క్వార్టర్‌లో ఉన్న ఒక్క బల్బు కింద కూర్చుని, అద్దెకు తెచ్చిన నవల చదివేది అమ్మ. నా పత్రం ఆసాంతం విని ఒక్క మాట అన్నది. "గా రెండు గంటలన్నా నేను ఎవ్వరితోని మాట పడకుంట ఉంటుంటి బిడ్డా."

ఆ నవలలు చూపిన పరిష్కారం ధనవంతుడైన నాయకుడితో పెళ్ళిని దాటి పోలేదన్న విమర్శను నేను ఈనాటికీ వదులుకోను. ఆ విమర్శ సరైనదే. కాని అమ్మ చెప్పిన రెండు గంటలు నా పత్రంలో లేవు. పుస్తకంలో ఏముందో చూశాను గాని, ఆ పుస్తకం తెరవడానికి ఆమెకు ఏ గంట మిగిలిందో చూడలేదు. ఇప్పుడు ఫోన్ మీద రాస్తున్న కథకులు చేస్తున్నది సరిగ్గా నేను ఆనాడు చేసిన పొరపాటే.

మూడో కథలోని కోడలిని మళ్ళీ చూద్దాం. ఒంటిగంట దాకా మేలుకోవడం ఆరోగ్యానికి చేటు. సందేహం లేదు. మరి ఆమె ఎందుకు మేలుకుంటున్నది? మా వీధిలో ఉండే ఒక గృహిణి సంగతి చెబుతాను. భర్త శ్రీరాంపూర్ ఏరియాలోని ఒక అండర్‌గ్రౌండ్ గనిలో పనిచేస్తాడు. ఫస్ట్ షిఫ్టు వారంలో ఆమె తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి టిఫిన్ డబ్బా కట్టాలి. సెకండ్ షిఫ్టు వారంలో ఆయన స్నానం చేసి తినేసరికి అర్ధరాత్రి. నైట్ షిఫ్టు వారంలో ఆయన పగలు పడుకుంటాడు కనుక పిల్లల నోరు మూయించడం కూడా ఆమె పనే. పైగా ఓపెన్‌కాస్ట్ దుమ్ము. పొద్దున తుడిచిన ఇంటిని సాయంత్రం మళ్ళీ తుడవాలి. కళ్ళ కింద నల్లచారలు చూసి, రాత్రిపూట ఫోన్ తగ్గించమని నేను టీచర్‌గిరీ చేయబోయాను. ఆమె నవ్వి, "పొద్దంత అందరికి నేనే కావాలె మేడం. రాత్రి పదకొండు దాటినంక ఎవ్వరు పిలువరు. గప్పుడే నాకు నేను దొరుకుత" అన్నది.

మా అమ్మ మాటకూ ఈమె మాటకూ మధ్య ముప్పై ఏళ్ళకు పైగా గడిచాయి. పుస్తకం పోయి ఫోన్ వచ్చింది. ఆ గంట మాత్రం అక్కడే, అర్ధరాత్రి అంచునే ఉన్నది.

కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనులు చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు ఆ పనులకు ఖర్చు చేస్తున్నారు. ఆ పనుల్లో చేయి పెట్టే పురుషులు 88 నిమిషాలు. పిల్లలను, ముసలివాళ్ళను చూసుకోవడం దీనికి అదనం. బొగ్గుగని ప్రాంతపు రచయితలకు పనిదినం గురించి ఒకరు చెప్పవలసిన అవసరం లేదు. 1886లో చికాగో కార్మికులు ఎనిమిది గంటల పనిదినం కోసం ఎందుకు పోరాడారో మన బడి పిల్లలు కూడా మేడే నాడు చెబుతారు. మా దగ్గర ఆదివారం పనికి అదనపు కూలీ వచ్చే ప్లేడే కోసం గని మీద ఎంత పట్టుదల ఉంటుందో మన కథల్లో రాశాం. కాని ఆ గని కార్మికుడికి డబ్బా కట్టే మనిషికి మస్టరు లేదు, ప్లేడే లేదు, డ్యూటీ దిగడం లేదు. నిద్రలోంచి కోసుకుంటే తప్ప ఆమెకు తనదైన గంట దొరకదు. ఆమె నిద్రలేమికి ఫోన్ సాధనం. మూలం ఆమె పనిదినంలో ఉన్నది. ఫోన్‌ను నేలకేసి కొట్టినంత మాత్రాన ఆ పనిదినం ఒక్క నిమిషం కూడా తగ్గదు. కథలో భర్త పగలగొట్టింది ఆమెకు మిగిలిన ఒకే ఒక గంటను. కథకుడు దాన్ని సుఖాంతం అన్నాడు!

ఆ గంట ఆమె చేతిలో నిజంగా ఆమెదిగా ఉంటున్నదా అన్నది తర్వాతి ప్రశ్న. ఇక్కడే మన విమర్శ పదునెక్కాలి. మా శ్రీరాంపూర్‌లో కంపెనీ అంటే సింగరేణి ఒక్కటే. ఆ కంపెనీకి గేటు ఉన్నది, యూనియన్ ఉన్నది, సమ్మె ఉన్నది. 2011 సకల జనుల సమ్మెలో ఇక్కడ బొగ్గు ఆగితే ఆ సెగ రాష్ట్రమంతటికీ తగిలింది. రాత్రి పదకొండు తర్వాత మా వీధి గృహిణి చూపును తవ్వుకునే కంపెనీకి గేటు లేదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒకే యజమానివి. ఆ యజమాని ఆదాయం దాదాపు మొత్తం ప్రకటనల నుంచే వస్తుంది. ఆమె ఎంత ఎక్కువసేపు చూస్తే అన్ని ఎక్కువ ప్రకటనలు. కనుక ఏ దృశ్యం దగ్గర ఆమె వేలు ఆగిందో యంత్రం గుర్తుపెట్టుకుంటుంది, అలాంటివే మళ్ళీ మళ్ళీ తెస్తుంది. నవలకు ఆఖరి పేజీ ఉండేది. సీరియల్‌కు వారం ముగింపు ఉండేది. దీనికి ముగింపు లేకుండా కావాలనే తయారుచేశారు. ఇంట్లో శ్రమకు కూలీ లేని స్త్రీ, విశ్రాంతి అనుకున్న గంటలో మరొకరికి కూలీ లేకుండా లాభం పండిస్తున్నది. పెట్టుబడి ఆమె పనిలోకే కాదు, అలసటలోకి కూడా ప్రవేశించింది. 'ఫోన్ పిచ్చి' అన్న మాటతో ఈ సంబంధం మొత్తం మరుగున పడిపోతుంది. పిచ్చి అంటే లోపం ఆమెది. ఏర్పాటు అంటే లోపం ఎవరిదో వెతకవలసి వస్తుంది.

ఇక శరీరం సంగతి. మా బడిలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె కొంతకాలంగా మధ్యాహ్న భోజనం మానేసింది. ఒకరోజు ప్రార్థనలో కళ్ళు తిరిగి పడిపోయింది. రక్తం తక్కువగా ఉన్నదని తేలింది. తిండి ఎందుకు మానేశావని మెల్లగా అడిగితే, ముందు ఏమీ చెప్పలేదు. తర్వాత ఫోన్లో తన ఫొటో చూపించింది. ముఖాన్ని సన్నగా, తెల్లగా మార్చే ఫిల్టర్‌తో తీసుకున్న ఫొటో అది. "ఫోన్ల తెల్లగుంట మేడం. అద్దంల నల్లగుంట" అన్నది. స్నేహితురాళ్ళు మెచ్చుకున్న ముఖానికీ, పొద్దున అద్దంలో కనిపించే ముఖానికీ మధ్య ఆ పిల్ల ఆకలితో వంతెన కట్టబోయింది.

ఈ పిల్లను కథ చేయాలంటే మన ధోరణి రచయిత ఫిల్టర్ దగ్గర మొదలుపెట్టి ఫిల్టర్ దగ్గరే ముగిస్తాడు. కాని నల్లపిల్లకు కట్నం ఎక్కువన్న మాట ఆ పిల్ల ఫోన్ చూడకముందే వినలేదా? ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 2020లో పేరు మార్చుకున్నది. ఫోన్ కెమెరా ఏ పేరూ మార్చుకోకుండానే అదే పని ఉచితంగా చేసిపెడుతున్నది. భూస్వామ్య సమాజం పెట్టిన వెలను పెట్టుబడిదారీ యంత్రం అందిపుచ్చుకున్నది. రెండూ కలిసే ఆ పిల్ల పళ్ళెం ముందు నిలబడ్డాయి. 1990ల తొలినాళ్ళలో ఓల్గా తన 'రాజకీయ కథలు'లో స్త్రీ శరీరం చుట్టూ అల్లుకున్న రాజకీయాలనే వస్తువుగా తీసుకున్నది. అలంకారం, అవయవం కూడా రాజకీయమేనని చెప్పడానికి ఆ పుస్తకం తెగించింది. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన దళిత స్త్రీల సాహిత్య సంకలనానికి 'నల్లపొద్దు' అని పేరు పెట్టుకున్నారు. నలుపు అన్న మాటను తలెత్తుకుని పలికిన పేరు అది. ఇంత సంపద వెనక ఉండగా, మన కొత్త కథ నలుపు ప్రశ్నను వదిలేసి ఫోన్ బ్రాండు వర్ణిస్తూ కూర్చోవడం విచారకరం.

రెండో కథలోని అమ్మాయి చావు నన్ను ఎక్కువ బాధపెట్టింది. అది కల్పన కనుక కొట్టిపారేయలేను. 2024 మార్చిలో తెనాలిలో ఒక గృహిణి, తనకు ఇంటిస్థలం పట్టా వచ్చిన సంతోషాన్ని కెమెరా ముందు చెప్పుకున్నది. ఆ వీడియో వ్యాపించింది. దాని కింద ఎగతాళి, బూతులు కుప్పపడ్డాయి. కొద్దిరోజుల్లో ఆమె రైలు తగిలి తీవ్రంగా గాయపడి, ఆస్పత్రిలో చనిపోయింది. ఆమె మరణానికి కారణం మీరంటే మీరని రాజకీయ పక్షాలు వాదులాడుకున్నాయి. 1943లో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగిన ఊరు తెనాలి. ఆ ఊరి ఆడమనిషి ఒక సెంటు నేల గురించి నోరు తెరిచి సంతోషం చెప్పుకుంటే, ఏ పక్షంవాళ్ళు అన్నారన్నది పక్కన పెట్టినా, వేల నోళ్ళు ఆమె మీద పడ్డాయన్నది మిగిలే సత్యం. ఆ నోళ్ళు ఆమె అభిప్రాయంతో వాదించలేదు. ఆమె బతుకును, మాటతీరును వెక్కిరించాయి. స్త్రీ బహిరంగంగా మాట్లాడితే శిక్షించే రచ్చబండ ఇప్పుడు ప్రతి జేబులోకీ వచ్చింది.

అయితే దీన్ని కథ చేసేటప్పుడు రచయితకు ఒక బాధ్యత ఉన్నది. ఫొటోలతో బెదిరించిన వాడిది నేరం. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం కింద అది శిక్షార్హం. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయసంహితలో స్త్రీని దొంగచాటుగా చిత్రించడం, వెంటపడి వేధించడం వేరువేరు నేరాలు. సంఘటన ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. సైబర్ నేరాలకు 1930 నంబర్ ఉన్నది. 2014లో మొదలైన షీ టీములు ఉన్నాయి. బతకాలని లేదనిపించిన రాత్రి మాట్లాడడానికి 2022 నుంచి 14416 అనే టెలీ మానస్ నంబర్ ఉన్నది. ఇవన్నీ న్యాయం చేసిపెడతాయన్న భ్రమ నాకు లేదు. స్టేషన్ మెట్లెక్కిన ఆడపిల్లను మొదట అడిగే ప్రశ్న 'ఫొటో ఎందుకు పంపావు' అన్నదేనని మనకు తెలుసు. అదే రాయండి. ఆ ప్రశ్నను, దానికి ఆ పిల్ల చెప్పే జవాబును, ఆమె పక్కన నిలబడిన మేనత్తనో స్నేహితురాలినో రాయండి. వాటన్నింటినీ దాటవేసి ఆరో పేజీలో ఆమెను చంపడం వాస్తవికత కాదు. దారులన్నీ మూసినవాడు కథలో బెదిరించిన దుర్మార్గుడు మాత్రమే కాదు, కథకుడు కూడా. ఆ కథ చదివే ఆడపిల్లల్లో అదే భయంతో కూర్చున్న పిల్ల ఒకతె ఉండవచ్చునని మరువరాదు.

మన కథల్లో అసలే కనిపించనిది మరొకటి ఉన్నది. ఆడవాళ్ళు ఫోన్‌తో చేస్తున్న మంచి పని. 1991లో హైదరాబాదులోని స్త్రీవాద కార్యకర్తలు కలిసి 'సవాలక్ష సందేహాలు' అనే స్త్రీల ఆరోగ్య పుస్తకం తెచ్చారు. నెలసరి, గర్భం, తెల్లబట్ట, మనసు దిగులు - సిగ్గు పేరుతో దాచిన సంగతులన్నింటినీ తేట తెలుగులో మాట్లాడిన పుస్తకం అది. ఆ సవాలక్ష సందేహాలనే ఈనాడు మా వీధి స్త్రీలు ఫోన్‌ను అడుగుతున్నారు. అక్కడ జవాబుగా ఒక్కోసారి మంచి డాక్టరు మాట దొరుకుతుంది, చాలాసార్లు వారంలో సన్నబడే పొడి దొరుకుతుంది. అడగడం తప్పు కాదు. అడిగినదానికి నిజం చెప్పే ఏర్పాటు లేకపోవడం తప్పు. గల్ఫ్‌లో ఉన్న భర్త ముఖాన్ని ఫోన్‌లో మాత్రమే చూసే స్త్రీలు ఈ ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఎంతమందో! వాళ్ళ మనసు ఆరోగ్యానికి ఆ పది నిమిషాలు ఏమిటో ఎవరైనా రాశారా? అంగన్‌వాడీ టీచర్లకు 2021 నుంచి పోషణ్ ట్రాకర్ అనే యాప్ వచ్చింది. పిల్లల బరువులు, ఎత్తులు ఎక్కిస్తూ కూర్చునే ఫోన్ వాళ్ళకు పనిభారం. 2023లో వాళ్ళు రాష్ట్రమంతటా సమ్మె చేసినప్పుడు మా దగ్గర ఒక సెంటర్ నుంచి ఇంకో సెంటర్‌కు కబురు నడిచింది కూడా అదే ఫోన్లో. ఒకే వస్తువులో బరువూ బలమూ రెండూ ఉన్నాయి. ఈ వైరుధ్యాన్ని పట్టుకోవడమే కదా మనం గతితర్కం అని చెప్పుకునేది?

దూబగుంట మనకు దగ్గరి పాఠం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం కోసం రాసిన వాచకంలో, సారా వల్ల నష్టపోయిన ఒక స్త్రీ కథ ఉన్నది. దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠం చదివి తమ ఊరి సారా దుకాణం మూయించారు. 1992లో అది ఉద్యమమై రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ వాచకానికి గొప్ప శిల్పం ఏమీ లేదు. కాని ఆ ఆడవాళ్ళు దాన్ని ఒంటరిగా, అర్ధరాత్రి, దుప్పటి కింద చదవలేదు. పదిమంది కలిసి కూర్చుని చదివారు, చదివినదాన్ని మాట్లాడుకున్నారు. ఆరోగ్యానికి సంబంధించి నాకు తోచిన తేడా ఇక్కడే ఉన్నది. కంపెనీ ఫోన్ ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి వేలమందితో పోల్చి చూపిస్తుంది. ఆమెకు కావలసింది నలుగురితో కలిసి కూర్చుని, తన సంగతి తాను చెప్పుకునే చోటు. ఫోన్ ఆ చోటుకు దారి అయినప్పుడు మేలు చేస్తున్నది. ఆ చోటును మింగినప్పుడు జబ్బు చేస్తున్నది.

కనుక రచయిత మిత్రులకు నా విన్నపం ఇది. వస్తువు ఎన్నుకోవడంలో మీ తప్పు లేదు. ఈ కాలపు స్త్రీ ఆరోగ్యం గురించి రాయాలంటే ఫోన్‌ను దాటవేయలేరు. కాని పాత్ర చేతిలో ఫోన్ పెట్టే ముందు ఆమెకు ఒక రోజు ఇవ్వండి, పూర్తిగా ఇరవై నాలుగు గంటలు. ఎప్పుడు లేచింది, ఏం తిన్నది, ఎవరికి వండింది, ఎవరి మాట పడింది, ఏ గంటకు నడుము వాల్చింది అన్నది రచయితకు తెలియాలి. అన్నీ కథలో రాయనక్కరలేదు. తెలిస్తే చాలు, తీర్పు దానంతటదే మారుతుంది. సంపులో పిల్లవాడు పడ్డ కథలో, ఆ సమయానికి ఇంట్లో ఇంకెవరున్నారు, వాళ్ళ చేతిలో ఏమున్నది, సంపు మీద మూత ఎందుకు లేదు అని అడిగితే అది వేరే కథ అవుతుంది. శిల్పం గురించి మనం చేసే చర్చలన్నీ చివరికి ఇలాంటి చిన్న ప్రశ్నల దగ్గరే తేలతాయి. పాత్ర మీద రచయితకు ఉన్న గౌరవమే ఆ ప్రశ్నలను అడిగిస్తుంది.

ఆ పోటీలో ఈ మూడు కథలకు నేను బహుమతి సిఫారసు చేయలేదు. వెనక్కి పంపుతూ ముగ్గురు రచయితలకూ ఒకే ప్రశ్న రాశాను: మీ కథలోని స్త్రీ ముందు రోజు ఎన్ని గంటలు నిద్రపోయింది? ఇద్దరు జవాబు రాయలేదు. కోడలి కథ రాసిన యువకుడు మాత్రం ఉత్తరం రాశాడు. ఆ సంగతి తనకు తెలియదనీ, ఇంట్లో అమ్మను అడిగి కథను మళ్ళీ రాస్తున్నాననీ అందులో ఉన్నది.